కిరీటం ఉంది, హెల్మెట్ లేదు

మొన్నటి క్రిస్మస్‌కు నాచారంలోని మా చర్చి నాటకంలో నాది తూర్పు దేశపు జ్ఞాని వేషం. రాజుగా పుట్టిన యేసు ముందు మోకరించాలి. అట్ట కిరీటం నలుగుతుందని హెల్మెట్ ఇంట్లోనే వదిలి, మేడిపల్లి నుంచి వేషంతోనే బండెక్కాను. ఉప్పల్‌లో ట్రాఫిక్ కానిస్టేబుల్ ఆపాడు.

"ఏందీ వేషం?"

"జ్ఞానిని సార్."

"జ్ఞానివైతే హెల్మెట్ ఏది?"

సిగ్నల్ దగ్గర ఆగినవాళ్లంతా నవ్వారు. నేను నా గొప్పలన్నీ ఏకరువు పెట్టాను. సండేస్కూల్ టీచర్ని, ఎన్నడూ రెడ్ సిగ్నల్ దాటలేదు, దేవుని పని మీద పోతున్నాను. ఆయన చలానా మిషన్ తీశాడు. నా గొప్పలు అయిపోయాయి.

"తప్పు నాదే సార్" అన్నాను.

ఆయన మిషన్ పక్కన పెట్టాడు. "బండి గీడ వెట్టి ఆటోల పో."

"చలానా రాయరా సార్? తప్పు జేసిన గదా?"

"తప్పు జేసినవ్ గన్కనే ఇడిసిపెడుతున్న. తప్పే లేకుంటే ఇడిసేదేముంది?"

రక్షణ మన క్రియల వల్ల కాదు, కృప వల్లనే అని ఏళ్లుగా పిల్లల చేత బట్టీ పట్టిస్తున్న నేను ఆ పాఠం మొదటిసారి విన్నట్టు తలూపి, బండి పక్కన పెట్టాను.

షేర్ ఆటోలో కిరీటం నలిగిపోయింది. వట్టి తలతోనే ఆ రాజు ముందు మోకరించాను. నటించాల్సిన పని పడలేదు.