మూడో రంగంలో పోయిన అత్త

కనకమహాలక్ష్మి ఇదంతా నాకు వెల్లుల్లి ఒలుస్తూ చెప్పింది. చెబుతున్నంతసేపూ రెబ్బలు చెత్తబుట్టలోకి, పొట్టు గిన్నెలోకి వేస్తోంది. మాట ఎక్కడ తెగిపోతుందోనని నేనూ ఆపలేదు.

బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో ఆవిడది రెండు గదుల క్వార్టరు. భర్త సన్యాసిరావుకి రైలింజన్ల షెడ్డులో ఉద్యోగం. ఆవిడ చదువంతా హిందీలోనే సాగింది. అయినా తెలుగు సంఘం వార్షికోత్సవానికి తెలుగు నాటకం ఆవిడే రాస్తుంది, హిందీ అక్షరాలతో. ఆడే పిల్లలకి వచ్చినవీ ఆ అక్షరాలే మరి. రాసే రోజుల్లో పాలు మాడిపోతాయి, ఫోను పిండిడబ్బాలో మోగుతుంది. ఈసారి తాళంచెవి పప్పులో ఉడికిపోయేసరికి సన్యాసిరావు నెమ్మదిగానే చెప్పాడు.

"ఇంకొక్కసారి ఇలాటిది జరిగిందంటే రాతలు బంద్. మరి నన్నడక్కు."

ఆయన అరిచే మనిషి కాదు. అందుకే ఆవిడకి భయం వేసింది.

ఆ వారమే అత్తగారు అప్పలనర్సమ్మ ఊళ్ళోనే ఆ చివర లింగియాడీహ్‌లో కూతురింటికి వెళ్ళింది. నాటకంలోనూ ఒక అత్త ఉంది, మూడో రంగంలో పోతుంది. కనకమహాలక్ష్మి పొద్దున్నే కూర్చుని ఆ చావు రాసింది. రాస్తూ ఏడ్చింది. కలం పక్కన పెట్టి లేచి, నేరుగా పెరట్లో కొళాయి దగ్గరికి వెళ్ళి, కట్టుచీరతోనే తల మీద నీళ్ళు పోసుకుంది. చావు కబురు వింటే వాళ్ళింట్లో ముందు చేసే పని అదే.

పక్క క్వార్టరు సౌభాగ్య గోడ మీంచి చూసింది.

"ఏటి పిన్నీ, ఈ వేళప్పుడు తల మీద నీళ్ళు?"

"అత్త పోయిందే," అని ఈవిడ లోపలికి వెళ్ళి మళ్ళీ కాగితాల ముందు కూర్చుంది.

ఆ మాట అన్నట్టు ఆవిడకి ఇప్పటికీ గుర్తులేదు.

సౌభాగ్య వెంటనే సన్యాసిరావుకి ఫోన్ చేసింది. ఆయన భార్యకి చేస్తే ఎత్తలేదు. చెల్లెలికి చేస్తే ఆవిడా ఎత్తలేదు. ఇంక అనుమానమేముంది? భార్యని వెంటబెట్టుకుని లింగియాడీహ్ వెళ్దామని వచ్చిన మనిషి గుమ్మంలోనే కూలబడ్డాడు.

తడిజుట్టుతో తలుపు తీసిన కనకమహాలక్ష్మి ఆయన మొహం చూసి బిత్తరపోయింది.

"ఏటైందండీ? ఎవరు?"

"ఎవరేటి... అమ్మ."

ఆవిడ గోడకి చేరబడి అలాగే నేల మీదికి జారిపోయింది. "అత్తా" అని ఏడ్చిన ఏడుపు వీధి చివరిదాకా వినిపించింది. ముంగిట్లో జనం చేరారు.

అంతలో ఆటో ఆగింది. సంచీ పట్టుకుని అప్పలనర్సమ్మ దిగింది. జనాన్ని చూసి, చెప్పులు విడవకుండానే లోపలికి వచ్చేసింది.

"ఎవుల్రా పోయినారు?"

ముందున్నవాళ్ళు రెండడుగులు వెనక్కి వేశారు.

"సెప్పండర్రా."

"మీరే మామ్మా," అంది సౌభాగ్య.

సన్యాసిరావు లేచి తల్లి చెయ్యి పట్టుకున్నాడు. ఆ చేతిని అటూ ఇటూ తిప్పి చూశాడు. "నీకెవరు చెప్పారే?" అన్నాడు సౌభాగ్యతో. ఆ అమ్మాయి పిన్నిని చూపించింది. కనకమహాలక్ష్మి తెరిచిన నోరు తెరిచినట్టే అత్తగారిని చూస్తోంది.

"అది... మూడో రంగంలో."

సన్యాసిరావు లోపలికి వెళ్ళి, కాగితాలన్నీ పోగుచేసి బీరువాలో పెట్టి తాళం వేశాడు. "అచ్ఛా. అయిపోయింది," అన్నాడు. జనం ఒక్కొక్కరే జారుకున్నారు.

అప్పలనర్సమ్మ మాత్రం కోడలి ఉబ్బిన కళ్ళే చూస్తోంది. పెళ్ళయి వచ్చిన దగ్గర్నుంచీ వాళ్ళిద్దరి మధ్యా కూరలో ఉప్పు దగ్గర కూడా సయోధ్య లేదు.

"ఇంతేడుపు నాకోసవేనా?"

"మరెవరికోసం అత్తా?"

ముసలావిడ అప్పుడు చెప్పులు విడిచి కూర్చుంది. తర్వాత కొడుకుతో అంది. "ఆ కాయితాలు తియ్యి. నానెలా పోయేనో సదవమను."

ఆయన తీశాడు. కనకమహాలక్ష్మి చదివింది. మంచం మీద అత్త, కొడుకు పక్కన కూర్చుని నోట్లో తులసినీళ్ళు పోయడం వరకూ వచ్చింది. అప్పలనర్సమ్మ చెయ్యెత్తి ఆపింది.

"కొడుకేటి పోసేది? ఆడు డ్యూటీలో ఉంటాడు కదా. కోడలి సేత పోయించు."

కనకమహాలక్ష్మి కలం అందుకుంది. సన్యాసిరావు కిటికీ వైపు తిరిగిపోయాడు.

"ఓలె, ముందు తల తుడుసుకో. జొరమొస్తాది. మారిసిన కాడ్నించి మళ్ళీ సదువుదువు."

ఆ పూట ఇంట్లో పొయ్యి వెలిగించలేదని అప్పుడు గుర్తొచ్చింది వాళ్ళకి. సన్యాసిరావే వెళ్ళి వెలిగించాడు.