ఇనుప జొన్నచేను

1996. శంషాబాద్‌లో నాకు వెల్డింగ్ షాపు ఉండేది. కొత్త మండలాఫీసు ముందు ఒక శిల్పం నిలబెట్టే పని వచ్చింది. దాన్ని చేసిన గ్రేసమ్మది రావిర్యాల. పన్నెండడుగుల సన్నటి ఉక్కు కమ్మీలు నలభై, గుత్తిగా. కొసలకు రేకు కంకులు. అది జొన్నచేనట! మనిషి లేడు, గుర్రం లేదు, ఇదేం బొమ్మ అని లోపల నవ్వుకున్నాను.

కమ్మీల మొదళ్లను బేస్ ప్లేటుకు, అంటే పునాదికి బిగించే మందపాటి రేకుకు, అతికించాను. గ్రేసమ్మ భోజనానికి వెళ్లింది. తోసి చూస్తే కమ్మీలన్నీ ఊగాయి. నేను బిగించిన ఏ గ్రిల్లూ ఇసుమంతైనా కదలదు, ఇది ఊగితే నామోషీ కదా! వాటి నడుముకు ఇనుప పట్టీ చుట్టి, దాని కొసలు కలిపి వెల్డింగ్ చేసేశాను. మెచ్చుకుంటుందనుకున్నాను.

ఆమె వచ్చి చూసి అక్కడే కూలబడింది. "ఏంది యాదన్నా గిట్ల జేసినవ్? అవి ఊగాల్ననే గద మూడేండ్ల సంది తిప్పలు వడుతున్న!"

"ఊగితే కూలుతది గదక్కా."

"చేను గాలికి కూలుతదా? ఆ పట్టీ రంపంతోని కొయ్యి. గ్యాస్ కటింగ్ వెట్టకు, నడుముకు వేడి తగిలితే ఉక్కు ఊగే గుణం పోతది."

మా మాటలు విని ఆఫీసరు గారొచ్చారు, కోస్తా మనిషి. "జనం మీద కూలితే ఎవరిది పూచీ? పట్టీ తీశాక ఊగిందో, రేపు బొమ్మ ఆవిష్కరణకు ముందే దీన్ని ఇక్కణ్ణించి తీయించేస్తానండీ" అని ఖరాఖండీగా చెప్పారు.

తప్పు నాది, శిక్ష ఆమెకు. సిగ్గుతో చచ్చిపోయాను.

"నువ్వు కొయ్యన్నా. నేను కిందనే నిలవడ్త, కూలదని సారే సూస్తడు" అంటూ గ్రేసమ్మ కమ్మీల పక్కనే నిలబడింది.

రంపంతో కోశాను. పట్టీ తెగి పడింది. మధ్యాహ్నపు గాలి ఒక్కసారిగా లేచింది. కమ్మీలన్నీ ఆమె మీదికి వంగాయి. అమ్మో అని కళ్లు మూసుకున్నాను. గలగలమని చప్పుడైతే తెరిచాను. కంకులు ఒకదానికొకటి రాసుకుంటున్నాయి, కమ్మీలు వంగి లేస్తున్నాయి, కింద గ్రేసమ్మ నవ్వుతోంది. అబ్బ, ఇనుము అట్లా ఆడుతుందని నాకేం తెలుసు!

పొలం పహాణీ కాగితం కోసం పాల్మాకుల నుంచి వచ్చిన ముసలి రైతొకాయన వరండాలోంచి చేతులెత్తి "హోయ్... హోయ్!" అని కేకేశాడు.

"ఏంది బాపూ?" అన్నాను.

"పిచ్చుకలు వాల్తున్నయి బిడ్డా. కంకి మీదున్నది చేను!"

ఎవరూ నవ్వలేదు. ఆఫీసరు గారు రైతును, కంకులను మార్చి మార్చి చూసి, "ఉండనివ్వండి" అని లోపలికి వెళ్లిపోయారు.

ఇంకొకరి పనిని అడక్కుండా బిగించడం ఆ రోజుతో మానేశాను. నా చేతుల మీదుగా ఎన్నో గేట్లు, గ్రిల్లులు పోయాయి. పిట్టలు తింటాయని ఒక రైతు భయపడిన ఇనుము మాత్రం అదొక్కటే.