మూత లేని కప్పు

మా ఇంటికి మొదటిసారి వచ్చినవాళ్లు హాల్లో నిలబడి గోడ వైపు చూసి అడిగే మాట ఒకటే: ఇవన్నీ నువ్వు గెలిచినవేనా అని. కాదంటాను. దగ్గరికి వెళ్లి చదవమంటాను. చదువుతారు. ఒకదాని మీద ఎవరో కబడ్డీ కెప్టెన్ పేరు, ఒకదాని మీద సైకిల్ పందెం, ఇంకొకదాని మీద కేసముద్రం హమాలీల తాడు లాగే పోటీ. అన్నీ పాతవే. వెండి పూత పోయి లోపలి ఇత్తడి బయటపడినవి, చెవులు వంగినవి, మఖ్మల్ గుడ్డ చిరిగిన షీల్డులు. పాత సామాన్ల దుకాణాల్లో పగిలిన బకెట్ల కింద దొరికాయి. గెలిచినవాళ్లు బతికుండగా కొన్ని, పోయాక కొన్ని, వాళ్ల పిల్లలే తూకానికి వేశారు. నాకు అందులోనే రుచి. చప్పట్లు కొట్టించుకున్నవాళ్లంతా చివరికి బకెట్ కిందికే చేరతారని రోజూ పొద్దున చాయ్ తాగుతూ చూసుకోవచ్చు.

మూడు చెక్క అరలు చేయించాను. పెద్దవి వెనక, చిన్నవి ముందు. షీల్డులు గోడకు. ట్యూబ్‌లైట్ వెలుగు వాటి మీదే పడాలని దాన్ని అవతలి గోడకు మార్పించాను. చింతపండు, బూడిద కలిపి నేనే తోముతాను. పేర్ల దగ్గర పాత టూత్‌బ్రష్ వాడతాను, ఒక్క అక్షరం కూడా మసకగా ఉండకూడదు. "ఒక్క పందెం గెలువనోని ఇంట్ల ఇన్ని కప్పులా, సుట్టాలు నవ్వుతాండ్రు" అని మా ఆవిడ ఒకసారి అంది. ఒకసారే అంది, కానీ మా చెల్లెలి అత్తగారి ముందు అంది. అందుకే గుర్తుంది.

వర్ధన్నపేట నుంచి ఒకాయన వెతుక్కుంటూ వచ్చాడు. వాళ్ల నాయన గెలిచిన వాలీబాల్ కప్పు నా దగ్గర ఉందని ఎవరో ఫోటో చూపించారట. ఇల్లు సర్దేటప్పుడు తెలియక పాత సామాన్లలో వేశామని, నాయన పోయాక దాని విలువ తెలిసిందని కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. చాయ్ ఇప్పించాను. కప్పు చేతికిచ్చాను. ఒడిలో పెట్టుకుని తండ్రి పేరు మీద వేలు తిప్పుతూ కూర్చున్నాడు. చాయ్ అయిపోగానే కప్పు తీసుకుని అరలో దాని చోట దాన్ని పెట్టేశాను. ఎంతైనా ఇస్తానన్నాడు. అమ్మేముందు ఆలోచించాల్సింది అన్నాను. ఎప్పుడైనా మనసు మారితే చెప్పమని నంబరు రాసిచ్చి వెళ్లాడు. ఆ కాగితాన్ని అన్నిటికంటే కింది అరలో, చెప్పుల స్టాండ్ పక్కన ఉన్న మూత లేని కప్పులో వేశాను. అందులో సేఫ్టీ పిన్నులు, అయిపోయిన సెల్లులు, ఊడిన గుండీలు ఉంటాయి. దాని మీద ఉన్నది మా అన్న పేరు.

మేం కొత్తవాడలో జంపఖానాలు నేసేవాళ్లం. వెడల్పాటి జంపఖానా ఒక్కడి వల్ల కాదు. మగ్గం ముందు ఇద్దరు పక్కపక్కన కూర్చోవాలి; ఎడమ సగం ఒకడిది, కుడి సగం ఒకడిది. రెండు సగాలూ ఒకే ఎత్తున పెరగాలి, లేకపోతే బట్ట వంకర పోతుంది. అన్న ఎడమ, నేను కుడి. ఆయన బీడీ తాగొచ్చేదాకా నేను చేతులు కట్టుకుని కూర్చునేవాణ్ని. ఆయన సగంలో దారం వదులు. దారాన్ని దగ్గరికి కొట్టే ఇనుప పంజాతో నా సగం కొట్టుకున్నాక, చేయి చాచి ఆయన సగంలో కూడా నాలుగు దెబ్బలు వేసేవాణ్ని, తేడా కనబడకుండా. అలా రెండు నెలలు నేసిన జంపఖానాను చేనేత సొసైటీ వాళ్లు హనుమకొండలో పోటీకి పంపారు. ఫారంలో ఒక్క పేరుకే చోటుందట. అన్న తన పేరు రాశాడు.

ఆ సంగతి నాకు ఎవరూ చెప్పలేదు. కొత్త చొక్కా వేసుకుని మూడో వరుసలో కూర్చున్నాను. మొదటి బహుమతి అనగానే కాలర్ సర్దుకున్నాను. మైకులో ఒక్క పేరే వినిపించింది. నేను అప్పటికే సగం లేచాను. వెనక ఎవరో భుజం పట్టి కూర్చోబెట్టారు. ఆ చేయి ఎవరిదో తిరిగి చూడలేదు, చూసి ఉంటే ఆయనా ఈ కథలో ఉండేవాడు. అన్న కప్పు తీసుకుని దిగివచ్చి, స్టేజీ మీద ఇచ్చిన టిఫిన్ పొట్లం నా చేతిలో పెట్టాడు.

"తిను తమ్మీ. నీ కోసమే దాసిన."

ఒక లడ్డూ, గుప్పెడు మిక్చర్. మిక్చర్ మెత్తబడిపోయింది. ఆకలిగా ఉండి తిన్నాను. తిన్నందుకు నన్ను నేను ఇప్పటికీ క్షమించుకోలేదు. అన్నను ఎలాగూ క్షమించలేదు.

కప్పు వాళ్లింట్లో టీవీ మీద ఉండేది. మా బిడ్డ చిన్నప్పుడు దాని చెవి పట్టుకోబోతే వదిన ఆపింది, "ముట్టకు బిడ్డా, అది మీ పెదనాయిన కష్టం" అని. ఆ మాట విన్నాక ఏడాదిపాటు వాళ్లింట్లో మంచినీళ్లు తాగలేదు. ఎవరూ గమనించలేదు, అది ఇంకో అవమానం. తర్వాత మగ్గం మూలన పడింది, వాళ్లు స్లాబు ఇల్లు వేసుకున్నారు. సామాను మార్చేటప్పుడు వదిన ఆ కష్టాన్ని పాత గిన్నెలతో కలిపి అమ్మేసింది. వారం తిరక్కుండా అది నాకు దుకాణంలో కనబడింది. మూత అప్పటికే పోయింది. నేను కొన్న మొదటి కప్పు అదే. మిగతావన్నీ దాని పక్కన నిలబెట్టడానికి తెచ్చినవి.

అన్న దాన్ని మా ఇంట్లో చూసిన రోజు, చెప్పులు విడుస్తూ అలాగే వంగి ఉండిపోయాడు.

"ఇది నాదే గద తమ్మీ?"

"పేరు సదువుకో," అన్నాను.

చదువుకున్నాడు. లోపలి పిన్నుల్ని వేలితో కదిపి చూశాడు. ఇవ్వమని అడిగాడు. సగం నాది, రంపం తెచ్చుకుని నీ సగం కోసుకుపో అన్నాను. ఆయన నవ్వాడు, నేను నవ్వలేదు. తర్వాత ఆయాసంతో దవాఖానలో పడ్డప్పుడు పెళ్లీడుకొచ్చిన కొడుకును పంపాడు. వాణ్ని గేటు దగ్గరే నిలబెట్టి చెప్పాను: మన గల్లీవాళ్ల ముందు ఇద్దరం నేసినమని మీ నాయన ఒక్కసారి అంటే చాలు, కప్పు నేనే తెచ్చిస్తా. జవాబు రాలేదు. రెండు వారాలకు మనిషే పోయాడు. మొండితనం మా ఇంటి ఆస్తి. అదొక్కటే మేం సమానంగా పంచుకున్నాం.

మూడో రోజు శ్మశానంలో పిట్టకు పెట్టారు. పోయినవాడికి ఇష్టమైనవన్నీ వండి విస్తరాకులో వడ్డించి, దూరం జరిగి నిలబడాలి. కాకి వచ్చి ముట్టేదాకా ఇంటివాళ్లు తినకూడదు. ముట్టకపోతే పోయినవాడి మనసులో ఏదో కోరిక మిగిలిందని అర్థం. కోడికూర, చేపల పులుసు, కల్లు, బీడీ కట్ట, అగ్గిపెట్టె పెట్టారు. రెండు కాకులు వేపచెట్టు మీద కూర్చుని చూశాయి, దిగలేదు. ఎండ నెత్తి మీదికి వచ్చింది. నేను కాక అని పిలిచే కులపెద్ద ఆకు వైపు తిరిగి, కోరికలన్నీ తానే ఊహించి తానే మాట ఇచ్చాడు. కొడుకు పెళ్లి చేస్తామన్నాడు, పై గది కట్టిస్తామన్నాడు. పెట్టింది ఈత కల్లని, అన్న తాటికల్లు తప్ప ముట్టేవాడు కాదని ఒకడికి గుర్తొచ్చింది. బండి మీద పోయి తాటికల్లు తెచ్చారు. కాకులు దిగలేదు.

"బతికున్నప్పుడు గింత బెట్టు లేకుండె," అని ఎవరో గొణిగితే ఆకలి మీద కూడా నలుగురు నవ్వారు.

అప్పుడు వదిన నోరు విప్పింది. "కప్పు. ఆయిన పానం దాని మీదనే ఉన్నది."

అందరూ నా వైపు తిరిగారు. అంతమంది ఒక్కసారి నన్ను చూడడం నా జీవితంలో అదే మొదటిసారి. పోయి తీసుకురమ్మని కాక అన్నాడు. జంపఖానా ఎవరు నేసిండ్రో ముందు ఆమెను చెప్పమనండి అన్నాను. దానికి ఇదా టైము అని ఎవరో కసిరారు. ఇన్నేళ్లలో దానికి ఎప్పుడూ టైము కాలేదు, ఇవాళ నాకేం తొందర లేదు, ఆకలయ్యేది మీకే అని చెప్పి ఒక రాయి చూసుకుని కూర్చున్నాను. చిన్నపిల్లలు ఏడవడం మొదలుపెట్టారు. షుగర్ ఉన్న మా మేనత్త గోడకు ఆనుకుని కళ్లు మూసుకుంది. నేను లేవలేదు.

వదిన నా ముఖం చూడలేదు. ఆకు వైపే చూస్తూ అంది.

"నువ్వే నేసినవ్. మొత్తం నువ్వే నేసినవ్. ఆయిన పక్కన గూసున్నడు, గంతే. సాలా? ఇగ తీస్కరా, పిల్లలు మాడుతాండ్రు."

నేను అడిగింది సగం. ఆమె మొత్తం ఇచ్చేసింది, కప్పును పాత గిన్నెలతో కలిపి ఇచ్చేసినట్టే. ఇన్నేళ్లు కనిపెట్టుకుని ఉన్న మాట చేతికొచ్చాక మెత్తబడ్డ మిక్చర్‌లా ఉంది.

స్కూటర్ మీద ఇంటికి వెళ్లి కింది అర ముందు కూర్చున్నాను. కప్పు బోర్లించి పిన్నులు, సెల్లులు, గుండీలు నేల మీద పోశాను. అన్న పేరు కాసేపు చూశాను. మళ్లీ అన్నిటినీ అందులోనే వేసి, దాని చోట దాన్ని పెట్టి, పై అరలోంచి వర్ధన్నపేట వాలీబాల్ కప్పు తీశాను. అదే ఎత్తు, అవే రెండు చెవులు. దాని మూత మాత్రం తీసి ఇంట్లో పెట్టేశాను.

శ్మశానంలో వదిన దాన్ని రెండు చేతులతో అందుకుంది. ఏళ్ల తరబడి టీవీ మీద కప్పు తుడిచిన మనిషి. కొంగుతో తుడిచింది, ఏడ్చింది, ఆకు పక్కన పెట్టింది. కాక చూశాడు, కొడుకు చూశాడు. ఎవరూ పేరు చదవలేదు. అందరూ వెనక్కి జరిగేలోపే కాకి దిగింది, దాని వెనకే రెండోది. కోడికూర ముక్కలు ఎత్తుకుపోయాయి. అందరూ చేతులు జోడించారు, నేనూ జోడించాను. నాకు ఆశ్చర్యమేమీ కలగలేదు. పక్కవాడిది తనదిగా తీసుకోవడం మా అన్నకు కొత్త కాదు.

పదకొండో రోజు దాకా ఆగాను. ఆ రోజు ఫోటోకు దండ వేసి పక్కన ఆ కప్పు పెట్టారు, దాని చెవికి కూడా చిన్న దండ. వచ్చినవాళ్లందరికీ వదిన దాన్ని చూపించింది. మా ఆయన కష్టం అని చెప్పడం రెండుసార్లు నా చెవిన పడింది. కడుపునిండా తిని ఇంటికొచ్చి, పిన్నుల మధ్య నుంచి కాగితం తీసి వర్ధన్నపేటకు ఫోన్ చేశాను. మీ నాయన కప్పు ఇప్పుడు మా వదిన ఇంట్లో ఉందని చెప్పి ఇంటి గుర్తులు చెప్పాను. ఆయన గుర్తులు రాసుకున్నాడు. అది తమదేనని ఆమె అంటే ఏం చేయాలని అడిగాడు.

"పేరు సదువుమనుండ్రి," అన్నాను.