మావాళ్ళు కాని ముత్తాతలు

ఆ రోజుల్లో నాకు కళ్ళెదుట తిరిగే చుట్టాలకంటే ఎన్నడో పోయిన పూర్వీకుల మీదే ప్రేమ ఎక్కువ. గోదావరిఖనిలో గని ఎలక్ట్రీషియన్‌గా కొత్తగా చేరాను, శ్రీరాంపూర్ అమ్మాయితో పెళ్ళి ఖాయమైంది. ఊరుకోవచ్చు కదా! మా తాత బొగ్గు తవ్వాడని అందరికీ తెలుసు కానీ, అంతకుముందు మావాళ్ళు తప్పక ఏదో కోటను ఏలి ఉంటారని నా గట్టి నమ్మకం. (అద్దంలో చూసుకున్నప్పుడల్లా అలాగే అనిపించేది.) ఇంటిపేరు చెబితే చాలు, వంశమంతా పాడి వినిపించే పెద్దాయన ఒకరు జైపూర్ వైపు ఊళ్ళలో తిరుగుతున్నాడని తెలిసి, ముహూర్తం మాట్లాడుకునే రోజున ఆయన్ని ఇంటికి పిలిపించాను. కాబోయే మామ కూడా వింటే నా విలువ పెరుగుతుందని ఆశ.

పెద్దాయన గొంతెత్తాడు. మా ముత్తాతకు ముత్తాత తెల్లగుర్రమెక్కి పులిని వేటాడాడట. నేను మీసం దువ్వుకున్నాను. ఆయనకి ఇద్దరు కొడుకులట. పెద్దవాడి వంశం మాది, చిన్నవాడు ఊరు మారి ఇంటిపేరు కూడా మార్చుకున్నాడట. ఆ కొత్త ఇంటిపేరు వినగానే మామ చాయ్ కప్పు కింద పెట్టాడు. అది వాళ్ళదే.

"గిదేంది బావా..." అని మా బాపుతో, అంటే నాన్నతో, అనబోయి నాలుక కరుచుకున్నాడు. "అన్నా, మనం పాలోళ్ళమైతిమి గదనే! ఇగ లగ్గమెట్ల జేస్తం?"

పాలోళ్ళంటే ఒకే వంశంవాళ్ళు, వరసకు అన్నదమ్ములు. నిన్నటిదాకా ఫోన్లో నాతో గుసగుసలాడిన పిల్ల ఒక్క పాటతో నాకు చెల్లెలైపోయింది. నిజంగా ఏడుపొచ్చింది.

అప్పుడు మా నాయనమ్మ లేచి వీధి తలుపు వేసింది. "మనం జెప్పుకునే ఇంటిపేరు మనది గాదు కొడుకా" అంది మెల్లగా. "మీ తాత వేరేటోని పేరు మీద పనికెక్కిండు. వాడు బాయిల దిగుడంటె భయపడి ఉరికిండు. సర్దారు వాని పేరు పిలిస్తె మీ తాత పలికిండు. గంతే." (గనిని మేం బాయి అంటాం, కూలీల హాజరు పిలిచే మేస్త్రీని సర్దారు అంటాం.)

"ఇన్నేండ్లు ఎందుకు చెప్పలేదే అవ్వా?" బాపు నోరు తెరిచాడు.

"నౌకరి పోతదని. నిద్రల గూడ మీ నాయన ఆ పేరుకే పలికిండు. ఇయ్యాల పిలగాని లగ్గం పోతాంటె ఇంకెట్ల దాస్త?"

అని మా అసలు ఇంటిపేరు చెప్పింది. మామ ముఖం వెలిగిపోయింది. "వాళ్ళా! మా మేనత్తనిచ్చింది ఆ ఇంటిపేరోళ్ళకే. బావా, చాయ్ సల్లారింది, ఇంకోటి పొయ్యమను!"

ఆ 'బావా' అన్న మాట విన్నాక గానీ నాకు ఊపిరాడలేదు. పెద్దాయన పాడిన వైభవమంతా పోయినా, పిల్ల దక్కింది.

పెళ్ళయ్యాక ఒకసారి, అసలు ఇంటిపేరు మీద కూడా వంశం చెప్పించుకుందామా అంటే మా ఆవిడ చేతులు జోడించింది. "నీకో దండం. మళ్ళ చెల్లెనైతనో ఏమో!"

ఇప్పటికీ మనసు ఒక్కోసారి అటు లాగుతుంది. కానీ ఎవరి పేరో పిలిస్తే తను పలికి, మాకోసం చీకట్లోకి దిగిన మనిషిని తలుచుకుంటే, కోటల కోసం వెతికిన ఆ మీసాల కుర్రాడి మీద నవ్వొస్తుంది.