ఒకే బేసిన్‌లో రెండిళ్ళ చిత్రాన్నం

కండక్టరన్న పోయాడని ఆయన కోడలు ఫోన్ చేసి చెప్పింది. అప్పుడు నేను పాల కేంద్రంలో క్యాన్లు కడుగుతున్నాను. "మామ లేడన్నా. నిద్రలోనే పోయినాడు" అంది. ఆ నెల మేమెవరం గుట్టకు పోలేదు.

ఆయన చిత్తూరు, పాకాల బస్సుల్లో కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. మోకాళ్ళు పట్టేస్తున్నాయని డాక్టరు నడవమంటే, ఒక్కడే నడవడం విసుగని మమ్మల్ని పోగేశాడు. ప్రతి నెలా రెండో శనివారం పాకాల చుట్టుపక్కల ఏదో ఒక గుట్ట ఎక్కడం, పైన నీడ చూసుకుని తలా కొంత తెచ్చిన సద్ది తినడం, దిగడం. అంతే మా గుంపు.

మొదటి నెల ఎవరి డబ్బా వాళ్ళు తెరిచారు. పక్కవాళ్ళకు పెట్టడం, వద్దనడం, మళ్ళీ పెట్టడం మామూలే. నర్సమ్మ డబ్బా దగ్గర మాత్రం చేతులు ఆగిపోయాయి. ఆమె సర్కారు ఆసుపత్రిలో పనిచేస్తుంది, చర్చికి పోయే మనిషి. ఆమెది ఏ కులమో అందరికీ తెలుసు, ఎవరూ నోటితో అనలేదు. ఒకరికి కడుపు బాగలేదు. ఇంకొకాయన శనివారం ఒక్కపొద్దన్నాడు, అప్పటికే రెండు వడలు తినేసి. ఆమె మూత పెట్టేసి, నిండు డబ్బాను అట్లాగే మోసుకుని దిగింది.

మరుసటి నెల కండక్టరన్న ఒక పెద్ద సత్తు బేసిన్‌ను తాడుతో వీపుకు కట్టుకుని వచ్చాడు. పాత టికెట్ల సంచిలో గరిటె. పైకి చేరగానే బస్సులో అరిచినట్టే అరిచాడు.

"మూతలు తీయండప్పా! అన్నం డబ్బాలన్నీ ఇందులో వంపండి. ఇంటిపేర్లన్నీ బస్టాండులోనే దిగిపోయినాయి, ఈడ ఎవురూ లేరు!"

అందరూ నవ్వారు. నవ్వాక వంపక తప్పలేదు.

గురువారం ఎవరు ఏం తేవాలో ఆయనే ఫోన్ చేసి చెప్పేవాడు. నాకు ఎప్పుడూ పెరుగే. "పాలాయనవి, నువ్వు ఇంకేం తెస్తావు" అనేవాడు. మొదట్లో నర్సమ్మకు చిత్రాన్నం చెప్పి, తోటాయనకూ చిత్రాన్నమే చెప్పాడు. తోటాయన అంటే మామిడి తోటలున్న పెద్దమనిషి, మొదటి నెల ఒక్కపొద్దన్నది ఆయనే. పైకి వచ్చాక ఆయన ఊరుకోలేదు.

"ఏమన్నా, ఇద్దరికీ ఒకటే చెప్పినావే, మతిమరుపా?"

"ముసిలోణ్ణి గదప్పా. ఒకే టికెట్టు రెండుసార్లు కొట్టినట్టుండాను."

అంటూనే గరిటెతో రెండు అన్నాలనూ కిందికీ పైకీ తిప్పేశాడు. తోటాయన రెండు మూడు నెలలు వడలతో, పెరుగుతో సరిపెట్టుకున్నాడు. కండక్టరన్న ఆయన్ను తినమని ఒక్కసారీ అనలేదు. "ఆకలైతే తింటాడులే. వచ్చే నెల ఇంకా ఎత్తుండే గుట్ట చూస్తాం" అన్నాడు నాతో. నిజంగానే చూశాడు. ఆ గుట్ట మీద తోటాయన చిత్రాన్నం పెట్టించుకున్నాడు. ఎవరూ అటు చూడొద్దని కండక్టరన్న కళ్ళతోనే చెప్పాడు.

ఆ మతిమరుపు చివరిదాకా పోలేదు. నర్సమ్మకు ఏం చెబితే అదే ఇంకో ఇంటికీ చెప్పేవాడు.

ఆయన పోయాక ఫోన్ల పని నా మీద పడింది. పొద్దున పాలు, సాయంత్రం పాలు, మధ్యలో ఇది. ఒకరు ఎత్తరు, ఒకరు తర్వాత చెబుతామంటారు. "ఎందుకప్పా ఈ తంటా, ఎవరిది వాళ్ళు తెచ్చుకుంటే పోలేదా" అని ఒకాయన అన్నాడు. అలసిపోయి ఉన్నాను. నాకూ అదే మేలనిపించింది. నర్సమ్మకు అట్లాగే చెప్పాను.

"అట్లయితే నేను రానులేన్నా. మళ్ళీ మొదటి నెల మాదిరి కూచోలేను" అంది.

"సరేమ్మా, బేసిన్ నేను తెస్తాను. నువ్వు చిత్రాన్నం తే."

"నాకు జత ఎవరన్నా?"

"జతేంది?"

"ఆయన నాకు చెప్పిందే ఇంకొకరికీ చెప్పేవాడు గదా. నాదొక్కటే అయితే నాదని తెలిసిపోతాది."

ఇన్నేళ్ళూ పక్కనే నడిచాను. ఆ సంగతి నాకు తట్టలేదు. ఫోన్ పెట్టేసి, తోటాయనకు చేశాను.

"చిత్రాన్నమా? నీకూ మతిమరుపు పట్టుకున్నిందా?"

"ఊ" అన్నాను.

శనివారం కండక్టరన్న ఇంటికి పోయి బేసిన్ అడిగి తెచ్చుకుని, వీపుకు కట్టుకుని ఎక్కాను. ఖాళీ బేసిన్ అంత బరువుంటుందని తెలియదు. తాడు భుజాన్ని కోసింది.

పైన నర్సమ్మ వంపింది. తోటాయన వంపాడు. ఒకటి ముదురు పసుపు. ఇంకొకటి లేత రంగు, చెనిక్కాయ విత్తనాలు ఎక్కువ. అప్పుడు చూసుకుంటే గరిటె లేదు. అది టికెట్ల సంచిలో ఉంటుందని, ఆ సంచి అడగాలని నాకు తోచనే లేదు. బేసిన్‌లో రెండు కుప్పలు, మధ్యలో బెత్తెడు సందు. ఎవరూ కూర్చోలేదు. నర్సమ్మ కొంగు సర్దుకుని కింద రైలు కట్ట వైపు చూస్తూ నిలబడింది.

"ఏమప్పా, పొద్దు గూకేదాకా చూస్తా ఉంటారా?" అన్నాడు తోటాయన.

చొక్కా మోచేతి దాకా మడిచి, సీసాలో నీళ్ళు కొంచెం చేతి మీద పోసుకుని, గొంతుక్కూర్చున్నాడు. చెయ్యి అడుగుదాకా పోనిచ్చి కలిపాడు. నిదానంగా, ఇంట్లో కలిపినట్టే. చిటికెడు నోట్లో వేసుకున్నాడు.

"ఉప్పు తక్కువుండాది."

"ఎవరి దాంట్లో?" అన్నారెవరో.

"ఎవరికి తెలుసు?" అన్నాడాయన. ఆకులు అందుకుని, మొదటి ఆకు నర్సమ్మకు పెట్టాడు.

మిగిలిన నీళ్ళు తాగడానికే చాలలేదు. అందరం చేతులు ఆకులకే తుడుచుకుని దిగాం. బేసిన్ నా వీపు మీదే ఉంది. మోకాళ్ళు నొప్పి. వచ్చే నెల మళ్ళీ ఈ ఫోన్లన్నీ చేయాలి. తోటాయన నా ముందు మెల్లగా నడుస్తున్నాడు. ఊపుతున్న ఆయన కుడిచెయ్యి మణికట్టు దాకా పసుపుపచ్చగా ఉంది.