నాలుగు వేళ్ల సందు

కరీంనగర్‌లో నేను పాఠాలు చెప్పే కాలేజీకి పోయే దారిలో ఒక మోటారు షెడ్డు ఉంది. మొన్న స్కూటరు చూపించుకుందామని ఆగితే అక్కడ ఎవరిదో జీపు కింద నట్టు విప్పి పాత ఇంజను నూనె వదులుతున్నారు. వేడిగా, నల్లగా, తాడులా సాగుతూ తొట్టిలో పడుతున్న ఆ నూనె వాసన అందరికీ మాడిన నూనె వాసనే. నాకు మాత్రం దాని అడుగున ఉడుకుతున్న పచ్చి పసుపు వాసన తగులుతుంది. అక్కడ లేని వాసన అని తెలుసు, అయినా తగులుతుంది. పక్కనే గోడకు కొత్త ఇనుప పలక ఒకటి ఆనించి ఉంది. రాళ్ల దారుల్లో దెబ్బ తగలకుండా జీపు ఇంజను కింద బిగించేది. చాంబర్ గార్డు అంటారు. ఇది బిగిస్తే దీనికీ, ఇంజను అడుగున నూనె ఉండే చాంబరుకూ నడుమ ఎంత సందు వస్తుందని అడిగాను. మెకానిక్కు నన్ను ఎగాదిగా చూసి, "అదంత కంపెనోళ్లు సూసుకుంటరు మేడం, మనకెందుకు" అన్నాడు. మనకెందుకు అన్న మాట విని ఊరుకునే గుణం నాకు లేదు. ఆ గుణం లేకపోవడం మా లచ్చత్త నుంచి వచ్చింది.

మాది మెట్‌పల్లి దగ్గర పల్లె. లచ్చత్త మా బాపుకు పెద్దక్క. భర్త పోయాక, పిల్లాజెల్లా లేని మనిషి, ఒక బట్టల మూటా ఒక ఇనుప కడాయీ ఎడ్లబండిలో వేసుకుని పుట్టింటికి వచ్చేసింది. కడాయి అంటే వంటింటిది అనుకునేరు. పసుపు ఉడకబెట్టేది; మేం పిల్లలం నలుగురం అందులో కాళ్లు చాపుకుని కూర్చునేవాళ్లం. అంత దళసరిది మా ఊళ్లో ఇంకొకటి లేదు. శివరాత్రి దాటి, పొద్దున చలీ మధ్యాహ్నం ఎండా ఒకే రోజున ఉండే ఆ దినాల్లో, చేలల్లోంచి తవ్వి తెచ్చిన కొమ్ములు మట్టి వాసనతో కుప్పలు పడి ఉండేవి. నేలలో తవ్విన పెద్ద పొయ్యి మీదికి కడాయి ఎక్కేది. పైన పసుపాకు పరిచి, దాని మీద తడి గోనె కప్పితే, అంచుల్లోంచి ఆవిరి బుసలు కొడుతూ వచ్చి మా జుట్టుకూ, జొన్నరొట్టెకూ, ఆఖరికి తాగే పాలకూ ఆ వాసనే పట్టేది. కొమ్ము ఉడికిందో లేదో చూడడానికి లచ్చత్త ఒక పుల్ల గుచ్చేది. ఆమె తల ఊపేదాకా ఎవరూ మంట తీసేవారు కాదు. భర్త లేనిదని పెండ్లి పందిట్లోకి పిలవని ఇండ్లవాళ్లు కూడా ఆ నెలన్నర మా అరుగు కింద నిలబడి, కడాయి మాకెప్పుడిస్తవు లచ్చక్కా అని బతిమాలేవారు. ఊళ్లో తనకున్న మర్యాదంతా ఆ ఇనుములోనే ఉందని ఆమే అనేది, నవ్వుతూనే అనేది.

ఇక లారీ. హైదరాబాదు రాష్ట్రం పోయి ఆంధ్రప్రదేశ్ వచ్చిన కొత్తల్లో, నాకు తొమ్మిదేళ్లప్పుడు, మిలిటరీవాళ్లు వేలంలో వదిలించుకున్న పాత లారీని బాపు కొన్నాడు. ముందుకు పొడుచుకొచ్చిన మూతి, ఎడమవైపు స్టీరింగు. నిర్మల్ మీదుగా ఉట్నూరు అడవికి పోయి వెదురు నింపుకొచ్చేవాడు. ఇంటి ముందు నిలిపిన రోజున దాని కింది నీడ మా ఆడపిల్లల సొత్తు. తొక్కుడుబిళ్ల ఎండలో, గచ్చకాయలు లారీ కింద. ఆట అలిసి వెల్లకిలా పడుకుంటే పైన వేరే లోకం కనిపించేది: ఒకదాని మీద ఒకటి పేర్చిన కమాను పట్టీలు, వెనక చక్రాల దాకా పోయే పొడుగాటి కడ్డీ, అడవి నుంచి తగులుకొచ్చిన ఎండుగడ్డి, ఒకసారి ఏకంగా బతికున్న తొండ, అన్నిటికన్నా కిందికి, చూలి మేక పొట్టలా వేలాడే చాంబరు. ఇంజను నూనె దాంట్లోనే ఉంటుంది. అడుగున ఒకటే నట్టు. అక్కడ ఊరిన చుక్క నా నుదుట పడితే బొట్టు వచ్చిందని నేను మురిసేదాన్ని. అవ్వ, అంటే మా అమ్మ, కుంకుడు రసం పోసి తోలు ఊడేలా రుద్దేది.

ఆ చాంబరే బాపును ఏడిపించింది. అడవి దారి అనేది పేరుకే దారి. నరికిన టేకు మొదళ్లూ, వాగుల్లో బండరాళ్లూ. మొదటిసారి రాయి తగిలి చీలితే, బట్టల సబ్బు మెత్తగా పిసికి చీలికలో కూరి, గోనెపీచు చుట్టి, ఎలాగో ఇల్లు చేరాడు. రెండోసారి సబ్బుకు లొంగలేదు. మూడు రోజులు అడవిలోనే, ఒక గోండు ఇంటివాళ్లు పోసిన అంబలి తాగి ఉన్నాడు. ఇంకొక్కసారి దారిలో ఆగితే మళ్లీ కనిపించొద్దని వెదురు కంట్రాక్టరు చెప్పేశాడు. అప్పుడు లారీ అమ్ముకుని ఎవరి బండో జీతానికి తోలాలి. తనను ఒకరు ఒరేయ్ అని పిలిచే రోజులు మళ్లీ వస్తాయేమోనన్నదే బాపు భయం.

కమ్మరి నర్సయ్యను పిలిపించాడు. బండి చక్రానికి ఇనుప పట్టా ఎక్కించడంలో ఆయన్ని మించినవాడు మా తట్టు లేడు. ఆయన లారీ కిందికి దూరి చూసి, దళసరి ఇనుము, అదీ ముందే వంపు తిరిగింది దొరికితే చాంబరు కింద డాలులాగా బిగిస్తానన్నాడు. అలాంటిది ఎక్కడుంటుందని బాపు అడిగాడు. నర్సయ్య దొడ్లో బోర్లించి ఉన్న కడాయి వైపు చూశాడు.

ఆ రోజు మా ఇంట్లో ఎవరూ అరవలేదు, అందుకే నాకు భయం వేసింది. బాపు అక్కను అడగలేక నీళ్ల గోళెం దగ్గర నాలుగుసార్లు కాళ్లు కడుక్కున్నాడు. పసుపు తవ్వకం నెల రోజుల్లో ఉందని, కోసిన కడాయి మళ్లీ అతకదని అవ్వ గోడకు చెప్పినట్టు చెప్పింది. లచ్చత్త మక్కగటుక తిని, చెయ్యి కడుక్కుని, కొంగు నడుముకు చెక్కి, నన్ను వెంటబెట్టుకుని లారీ దగ్గరికి నడిచింది. యాభై ఏళ్ల ఆడమనిషి వాడకట్టంతా చూస్తుండగా దాని కిందికి పాకింది. నేను పక్కనే పడుకుని ఒక్కొక్కటే చూపించాను. ఆ కడ్డీ ఎందుకు, ఆ పట్టీలు ఎందుకు అని అడిగి అడిగి, నాకు తెలియనివి నేను కల్పించి చెబితే పట్టుకుని, ఆఖరికి చాంబరు దగ్గరికి వచ్చింది.

"ఇదేనా పలిగేది?"

"ఔనత్తా. నూనె దీంట్లనే ఉంటది."

వేలి కణుపుతో కొట్టి చూసింది. "గింత పలుచని రేకుల గంత బండి పానం వెట్టిండ్రా. ఎవలు కట్టిండ్రే దీన్ని?"

అమెరికావాళ్లట అన్నాను.

"ఆళ్ల దేశంల రాళ్లు లేవు గావచ్చు."

బయటికి వచ్చి, వీపు మన్ను దులుపుకోకుండానే, నర్సయ్యతో, "కొయ్యి" అంది.

ఒక పూట పట్టింది కోయడానికి. నర్సయ్య ఉలి పెట్టి పట్టుకుంటే బాపు సమ్మెట వేశాడు. దెబ్బదెబ్బకూ కడాయి గుడి గంటలా మోగేది, పిట్టలు చింతచెట్టు మీద వాలడం మానేశాయి. ఏళ్ల తరబడి ఇనుములోకి ఇంకిన పసుపు కొలిమి వేడికి బయటికి వచ్చి, నిప్పు మీద నుంచి పచ్చటి వాసన లేచింది. అత్త ఇంట్లోకి పోయి కూర్చుంది. పలక బిగించబోతుంటే, నూనె వదిలే నట్టు కింద చిల్లు లేకపోతే నూనె ఎట్లా తీస్తారని నేను అడిగాను. నర్సయ్య నన్ను తిట్టి, చిల్లు పెట్టాడు. ఆ చిల్లు నాది. దాని మీద ఎవరూ నాతో వాదానికి రావద్దు.

వెంట్రుక పట్టే సందు లేకుండా పలకను చాంబరుకు అంటించి బిగించాడు నర్సయ్య. బాపు పొద్దున్నే పోయాడు, రెండో రోజుకు వేరే లారీ వెనక తాడు కట్టించుకుని వచ్చాడు. పలకకు ఏం కాలేదు, ఒక చొట్ట పడింది, అంతే. ఆ చొట్టే చాంబరును లోపలికి నొక్కి చీల్చింది. వెదురు ఎక్కించక ముందే, పోయే దారిలోనే జరిగింది గనక కంట్రాక్టరు దాకా పోలేదు. కానీ కడాయీ పోయింది, లారీ కూడా ఆగిపోయింది. బాపు అక్క ముఖం చూడలేదు. నర్సయ్య మాత్రం తన పనిలో లోపం లేదని, సందు లేకుండా కూర్చోబెట్టానని, బండి పట్టా అయినా అంతేనని మళ్లీ మళ్లీ అన్నాడు. అప్పటిదాకా అరుగు మీద చింతపండు గింజలు తీస్తున్న అత్త తల ఎత్తింది.

"పోయినేడు రాళ్లవాన యాదికున్నదా నర్సయ్యా? గొంగడి నెత్తికి అంటుకునేటట్టు కప్పుకుంటివి. బొప్పులు కట్టినయా లేదా?"

కట్టినయి అన్నాడు.

"నేను రెండు చేతులతోని పైకి లేపి వట్టుకున్న. నాకు ఒక్కటి తాకలే. సందు లేకుంటె దెబ్బ ఏడికి పోవాలె మరి? లోపలికే పోతది."

నర్సయ్య చెయ్యి, తనకు తెలియకుండానే, నెత్తి తడుముకుంది. ఎంత సందు పెట్టమంటావని అడిగాడు. ఆమె బొటనవేలు మడిచి, మిగతా నాలుగు వేళ్లూ దగ్గరగా చేర్చి చూపించింది.

సందు పెట్టాలన్న ఈ మాట నేనే అన్నానని కాలేజీలో చదివే రోజుల్లో స్నేహితురాళ్లకు చెప్పుకున్నాను. బాపు అన్నాడని మా తమ్ముడు ఇప్పటికీ పెండ్లిళ్లలో చెబుతాడు. ఇద్దరివీ అబద్ధాలే. అచ్చులో ఒక్కచోటన్నా నిజం ఉండాలని ఇది రాస్తున్నాను.

చాంబరుకు మాటు వేయించారు. చొట్టను కొలిమిలో సాపు చేసి, నాలుగు వేళ్ల పొడుగున గొట్టం ముక్కలు కోసి మధ్యలో పెట్టి, పొడుగు బోల్టులతో పలకను మళ్లీ బిగించారు. బాపు బయలుదేరే పొద్దున లచ్చత్త సద్దిమూటతో వచ్చి ముందు సీట్లో కూర్చుంది. అడవిలో నీకేం పని అక్కా అన్నాడు బాపు.

"నా కడాయి అడివి సూడవోతున్నది. నేను సూడొద్దా?"

బాపు సద్దిమూట అందుకుని సీటు వెనక పెట్టాడు. ఆ గడబిడలో నేనూ ఎక్కాను, బడి ఎగ్గొట్టి. నిర్మల్ దాటాక గుట్టలు మొదలయ్యాయి. ఆకు రాల్చిన టేకు చెట్లు, వాటి నడుమ నిప్పంటుకున్నట్టు మోదుగు పూలు, కింద రాలిన ఇప్పపూల మత్తు వాసన. ఆ గుట్ట పేరేంది, ఈ పుట్ట ఎందుకు ఇంత ఎర్రగుంది, గోండుల ఇండ్ల చుట్టూ దడి ఎట్లా అల్లుతారు అని అత్త అడుగుతూనే ఉంది. ఇరవై ఏళ్లుగా ఆమె చూసిన దూరం మా పొయ్యి నుంచి చెరుకు తోట దాకానే.

ఒక వాగు దాటుతుండగా తగిలింది. సీటు కింద నుంచి ఒక మోత. కడాయిని పొయ్యి మీదికి దించినప్పుడు వచ్చే మోతే. బాపు బండి ఆపాడు. చేతులు స్టీరింగు మీదే ఉన్నాయి, దిగి చూసే ధైర్యం లేదు. అత్త దిగింది. వాగు ఇసుకలో వెల్లకిలా పడుకుని లోపలికి జరిగింది. ఆమె రెండు పాదాలు మాత్రం నాకు కనిపిస్తున్నాయి. ఇంజను చల్లారుతున్న టిక్కు టిక్కు తప్ప ఇంకో చప్పుడు లేదు. తర్వాత చెప్పింది, నాలుగు వేళ్లూ సందులో పెట్టి ఈ కొస నుంచి ఆ కొస దాకా తడిమిందట.

"పొడిగనే ఉన్నది తమ్మీ. పోనియ్యి."

ఆ యేడు మా పసుపు ఇంకొకరి కడాయిలో, ఇంకొకరి వంతు అయ్యాక ఉడికింది. మా అరుగు కిందికి ఎవరూ రాలేదు. అత్తకు బాధ కలగలేదని నేను చెప్పను. ఒక సాయంత్రం పొయ్యి గుంతను కాలితో పూడుస్తుంటే చూశాను. మరుసటి యేడు బాపు కొత్త కడాయి తెచ్చాడు. ఆమె దాన్ని చుట్టూ తిరిగి చూసి, పుల్ల తీసి అవ్వ చేతిలో పెట్టి, ఉడికిందో లేదో ఇక నువ్వే చూసుకో అంది. తను మాత్రం నెలకో రెండు నెలలకో ఒకసారి, సద్దిమూటతో లారీ ఎక్కేది.

ఇప్పుడు లచ్చత్త లేదు, బాపు లేడు, లారీ ఎవరి చేతుల్లోంచి ఎవరి చేతుల్లోకి పోయి ఎక్కడ తుక్కు అయిందో తెలియదు. ఎడ్లబండ్లకు రబ్బరు టైర్లు వచ్చి నర్సయ్య కొలిమి చల్లారింది. పసుపును డ్రమ్ముల్లో ఆవిరి పెట్టి ఉడికిస్తున్నారు, పుల్ల గుచ్చే పని లేదు. ఉట్నూరు దారి తారురోడ్డయింది. వాగుల మీద వంతెనలు పడ్డాయి, రాళ్లు పగిలి కంకర అయి ఆ రోడ్డు కిందికే పోయాయి. పోయిన నెల పరీక్షల డ్యూటీకి అటు వెళ్లాను. బస్సు నూనె పోసినట్టు సాగిపోయింది, కింద నుంచి ఒక్క చప్పుడు రాలేదు. నిర్మల్ దాటిందే గుర్తుంది, ఉట్నూరులో కండక్టరు లేపాడు. అంత దారీ నిద్రపోయాను. ఆ దారిలో లచ్చత్త ఎన్నిసార్లు పోయినా, ఒక్కనాడూ కునుకు తీయలేదు.