మొద్దు కత్తెర చైర్మన్

పట్టణం చైర్మన్ గారికి ఉన్న పిచ్చి ఒక్కటే: రిబ్బను కత్తిరించడం. వీధి కుళాయి కానివ్వండి, కాలు విరిగితే మేకు కొట్టిన కుర్చీ కానివ్వండి, ముందు రిబ్బను, ఆ తర్వాతే వాడకం. ఒకసారి ఆఫీసు చీపురుకి కూడా ప్రారంభోత్సవం చేశాడు. పెళ్లయిన రోజు గది తలుపుకి సైతం రిబ్బను కట్టించాడంటారు గానీ, చూసినవాళ్లు లేరు.

పోనీ సరిగ్గా కత్తిరిస్తాడా అంటే, ఆ కత్తెర వెన్నని కూడా కోయదు. రిబ్బనుని నములుతుంది. పావుగంట నమిలితే గానీ తెగదు. ఆ పరువు తక్కువంతా మోసేది బామ్మర్ది. ఆఫీసులో బావగారికి సహాయకుడు, రిబ్బను ఉండ అతని సంచిలోనే ఉంటుంది.

"బావా, సాన పట్టించుకొస్తాను. రెండు నిమిషాల పని."

"ముట్టుకున్నావంటే మీ అక్కతో చెప్తా."

అక్క పేరెత్తితే చాలు, బామ్మర్ది కత్తెర అక్కడే పెట్టేస్తాడు.

ఇంకో చాదస్తం కూడా ఉంది. రిబ్బను ఒక కొస పై పేట పెద్ద పట్టుకోవాలి, రెండో కొస కింది పేట పెద్ద పట్టుకోవాలి. పై పేటకి సైకిల్ షాపాయన, కింది పేటకి దర్జీ. నీళ్ల దగ్గర తలలు పగలగొట్టుకున్న నాటి నుంచీ, పదకొండేళ్లుగా, ఆ రెండు పేటలకీ మాటల్లేవు.

ఇంతలో రెండు పేటలకీ కలిపి ఒక నీళ్ల ట్యాంకు మంజూరైంది. పెద్దలిద్దరూ ఒప్పంద పత్రం మీద సంతకాలు పెట్టాలి. గడువు శుక్రవారం సాయంత్రం ఐదింటిదాకా. దాటిందా, ట్యాంకు వేరే ఊరికి. పైగా చూడ్డానికి పెద్ద అధికారి వస్తున్నాడు. ఆయన ముందు కూడా నమలడమేనా? బామ్మర్ది ఉండబట్టలేక ఎవరికీ చెప్పకుండా కత్తెరకి సాన పట్టించేశాడు.

శుక్రవారం ట్యాంకు స్థలంలో ఇద్దరూ చెరో కొసా పట్టుకున్నారు. చైర్మన్ కత్తెర ఆనించాడో లేదో, కసుక్కున తెగింది! పెద్ద అధికారితో సహా జనం చప్పట్లు. బామ్మర్ది ఛాతీ చొక్కా గుండీలు తెంపేంత పొంగింది. చైర్మన్ మొహంలో మాత్రం నెత్తురుచుక్క లేదు.

"ఏం చేశావురా?"

"సాన పట్టించా బావా!"

"కొంప ముంచావు కదరా! ఆ పావుగంట కోసమేరా దాన్ని మొద్దుగా ఉంచింది! వాళ్లిద్దరూ పక్కపక్కన నిలబడేది ఆ పావుగంటే. మొదటి ఏడాది ఒకళ్లనొకళ్లు తిట్టుకున్నారు. రెండో ఏడాది ఇద్దరూ కలిసి నన్ను తిట్టారు. ఇప్పుడిప్పుడే మాటల్లో పడ్డారు!"

అప్పటికే పెద్దలిద్దరూ కొసలు వదిలేసి చెరో దిక్కూ నడుస్తున్నారు. పత్రం సంతకాల్లేకుండా బల్లమీదే ఉంది. ఐదింటికి ఇంకా ఇరవై నిమిషాలు. బామ్మర్దికి భూమి చీలితే బాగుండుననిపించింది.

నాలుగడుగులు వేసి సైకిల్ షాపాయన ఆగాడు.

"అదేంటయ్యా, అప్పుడే అయిపోయిందా? దర్జీ మోకాలి సంగతి మొన్న బెంచీ ప్రారంభంలో సగంలో ఆగింది. నూనె రాస్తే తగ్గిందో లేదో తెలియకుండా ఎలా పోను?"

"తగ్గలేదు," అన్నాడు దర్జీ, వెనక్కి తిరక్కుండానే. "నువ్వు చెప్పిన నూనె కదా, ఎలా తగ్గుతుంది?"

"నీకు రాయడం చేతకాలేదు!"

దర్జీ గిరుక్కున తిరిగాడు. కింద పడ్డ రిబ్బను ముక్కలు రెండూ తీసి ముడేశాడు.

"పట్టుకో. గట్టిగా లాగు. చైర్మన్ గారూ, ఈసారి కాస్త నెమ్మదిగా."

చైర్మన్ రిబ్బనుకి జానెడు దూరంలో, ఉత్త గాలిలో కత్తెర ఆడించడం మొదలుపెట్టాడు.

"ఆ మోకాలితో నీళ్లు మోస్తున్నావా?"

"మోయక? కుళాయి నడిచి నా గుమ్మంలోకొస్తుందా?"

"వస్తుందయ్యా, ఆ సంతకం పెట్టి ఏడిస్తే!"

"ముందు నువ్వు ఏడువు!"

రిబ్బను ఒక చేత్తో వదలకుండానే ఇద్దరూ బల్లదాకా నడిచి, రెండో చేత్తో సంతకాలు పెట్టారు. ఐదింటికి ఇంకా మూడు నిమిషాలున్నాయి.

మర్నాడు పొద్దున్నే బామ్మర్ది ఆఫీసు మెట్టుమీద కూర్చుని, కత్తెర అంచుని రాయికేసి అరగదీస్తున్నాడు.

"ఇంకా పదునుందేంట్రా?" అన్నాడు చైర్మన్.

"చచ్చేంతుంది బావా. ఇంకో గంట పట్టేలా ఉంది."

"కానీ, కానీ. సాయంత్రం మంచినీళ్ల కుండ మూతకి ప్రారంభోత్సవం ఉంది."